దోమియే బొమ్మ చేతికొస్తే: ఫ్రెంచ్ వ్యంగ్య లితోగ్రాఫ్‌ను పరీక్షించి, చదివి, దాచుకునే పద్ధతి

"ఇది అసలుదేనా?" "ఏ సంవత్సరంది?" "కింద ఫ్రెంచ్‌లో ఏం రాశారు, ఇందులో నవ్వెక్కడుంది?" అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ఈ మూడు ప్రశ్నలూ మారడం లేదు. ఒకరికి పారిస్ వెళ్లొచ్చిన అన్నయ్య తెచ్చిచ్చాడు. ఇంకొకరికి పాత పుస్తకం మధ్యలో దొరికింది. మరొకరు ఆన్‌లైన్‌లో చూసి కొనాలా వద్దా అని వారం రోజులుగా టెన్షన్ పడుతున్నారు.

మనం మాట్లాడుకుంటున్నవి 1830 నుంచి 1870 దాకా పారిస్ పత్రికల్లో వచ్చిన రాతి అచ్చు వ్యంగ్య చిత్రాలు. ఇంటి యజమాని, అద్దెకున్నాయన, కోర్టు లాయరు, బానపొట్ట వ్యాపారి, మొగుడూ పెళ్లాల తగాదా, ఆదివారం షికారు... ఇవీ వాటి విషయాలు. ఎక్కువగా కనబడే పేరు ఒనొరే దోమియే (1808–1879), ఆ తర్వాత గవార్ని (1804–1866). ఈ గైడ్ దోమియేని పట్టుకుని నడుస్తుంది. మిగతావాళ్ల దగ్గర ఏం మారుతుందో ఎనిమిదో మెట్టులో చెప్తాను.

దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. బొమ్మ దొరకగానే ఫోన్ తీసి, కింద ఉన్న ఫ్రెంచ్ వాక్యాన్ని అనువాదం చేయిస్తారు. అది అర్థంపర్థం లేకుండా వస్తుంది. దాంతో ఆసక్తి పోతుంది. వరుస తిరగేయండి. ముందు కాగితం, తర్వాత అంచులు, తర్వాత బొమ్మ, ఆఖర్న మాట. ఈ వరుస ఎందుకో ఆరో మెట్టు దగ్గర తెలుస్తుంది.

## 0. మొదలుపెట్టే ముందు

టేబుల్ మీద ఉండాల్సినవి:

- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునేదైనా చాలు.
- టార్చ్. ఫోన్‌లోది సరిపోతుంది.
- మిల్లీమీటర్లున్న స్కేలు.
- పెన్సిల్, నోట్‌బుక్. పెన్ను మాత్రం ఆ టేబుల్ దరిదాపుల్లో ఉండకూడదు.
- అరచేయంత తెల్ల కాగితం ముక్క. దీని పని తర్వాత చెప్తాను.

చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. గ్లవ్స్ అక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలియదు, చింపేస్తాం. కాఫీ గ్లాసు పక్క గదిలో పెట్టండి.

కంప్యూటర్‌లో తెరిచి ఉంచుకోవాల్సినవి: ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా (ల షారివారి పత్రిక పాత సంచికలు స్కాన్ చేసి పెట్టారు), అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం దోమియే సేకరణ, దోమియే రిజిస్టర్ (ఆయన బొమ్మల ఆన్‌లైన్ కేటలాగు), పారిస్ నగర మ్యూజియంల సైటు. అన్నీ ఉచితమే. చేతిలో బొమ్మ లేనివాళ్లు కూడా మూడో మెట్టు నుంచి వీటితోనే సాధన చేయొచ్చు.

## 1. భూతద్దం కింద గింజ చూడండి

లితోగ్రాఫ్ ఎలా తయారవుతుందో నాలుగు ముక్కల్లో తెలిస్తే ఈ మెట్టు సులువు. నున్నగా చేసి, సన్నటి గరుకు తేల్చిన సున్నపురాయి మీద కొవ్వు కలిసిన క్రేయాన్‌తో చిత్రకారుడు బొమ్మ గీస్తాడు. దాని మీద కొద్దిగా ఆమ్లం కలిపిన తుమ్మబంక నీళ్లు పూస్తారు. తర్వాత రాయిని తడిపి సిరా రోలర్ నడిపిస్తే, కొవ్వు ఉన్నచోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. దాని మీద కాగితం వేసి ప్రెస్‌లో నొక్కుతారు. నూనెకూ నీళ్లకూ పడకపోవడమే ఇందులో కిటుకంతా.

క్రేయాన్ ఆ గరుకు మీద నడిచింది కాబట్టి గీత కింద చిన్న చిన్న గింజలు మిగులుతాయి. భూతద్దంలో వాటి కోసమే వెతకాలి. నీడ ఉన్నచోట, అంటే కోటు మడతలోనో కుర్చీ కిందో చూడండి.

- గింజలు చిందరవందరగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, నల్లగా గట్టిగా ఉన్నాయి: మంచి సూచన. రాతి అచ్చు అయ్యే అవకాశం ఎక్కువ.
- చుక్కలు సైనికుల్లా వరసలు కట్టాయి: ఇది తర్వాతి కాలంలో ఫొటో తీసి వేసిన అచ్చు. పాత దినపత్రికలో ఫొటోని దగ్గరగా చూస్తే కనబడే చుక్కలే ఇవి.
- గింజకు బదులు సన్నటి పురుగులు పాకినట్టు మెలికలు: ఇదీ ఫొటో పద్ధతే, కాస్త ఖరీదైన రకం. మంచి ఆర్ట్ పుస్తకాల నుంచి కత్తిరించిన పేజీలు తరచూ ఇలా ఉంటాయి.

నేను కొన్న మొదటి "ఒరిజినల్" ఈ రెండో రకం. ఫ్రేమ్ కట్టి ఉంది, అద్దం వెనకాల కాగితం పసుపు పచ్చగా పాతబడినట్టుంది, అమ్మినాయన మాట తీయగా ఉంది. ఇంటికొచ్చి ఫ్రేమ్ విప్పాక భూతద్దం పెడితే చుక్కలన్నీ బారులు తీరి కనబడ్డాయి. వెనక్కి తిప్పితే ఇంకో బొమ్మ, దాని కింద పేజీ నంబరు. ఇరవయ్యో శతాబ్దపు పుస్తకంలో కాగితం. ఆ ఫ్రేమ్ ఇప్పటికీ వాడుతున్నాను, లోపల పెళ్లి ఫొటో ఉంది.

తరచూ జరిగే పొరపాటు: "బొమ్మ చుట్టూ నొక్కిన పల్లం గుర్తు లేదు కదా, నకిలీయేమో" అనుకోవడం. ఆ గుర్తు రాగిరేకు మీద చెక్కిన ఎచింగులకు ఉంటుంది. వీటికి లేకపోవడమే మామూలు.

ఇంకొకటి: 1870 ప్రాంతం నుంచి ల షారివారి ఈ బొమ్మలను రాయి మీద నుంచి జింకు పలకకు మార్చి, ఉబ్బెత్తు అచ్చుగా వేయసాగింది. వాటిలో గింజ కాస్త మొద్దుబారి, గీతలు కరకుగా కనిపిస్తాయి. అవి నకిలీలు కావు. నాణ్యత మాత్రం ఒక మెట్టు తక్కువ.

## 2. కాగితం వెనక్కి తిప్పండి

ఇక్కడ రెండు జాతులున్నాయి. ధర మారేదీ ఇక్కడే.

ల షారివారి 1832 డిసెంబర్ 1న మొదలైన దినపత్రిక. నాలుగు పేజీలు. లితోగ్రాఫ్ మామూలుగా మూడో పేజీలో వచ్చేది. అంటే దాని వెనక నాలుగో పేజీ అచ్చు, తరచుగా ప్రకటనలు, ఉంటుంది. మీ బొమ్మ వెనక అలాంటి అచ్చు ఉంటే అది ఆనాటి పాఠకుడు చదివి మడిచిన పత్రిక కాగితమే. మధ్యలో మడత గీత, ముందువైపుకి లీలగా తేలిన వెనక అక్షరాలు, ఇవన్నీ సహజం.

వెనక ఏమీ లేకుండా, మందపాటి తెల్ల కాగితం మీద ఉంటే దాన్ని ఫ్రెంచ్‌వాళ్లు "సుర్ బ్లాన్" అంటారు, అంటే తెల్లకాగితం ప్రతి. అదే రాతి నుంచి ఆల్బమ్‌లు కట్టి అమ్మడానికి విడిగా తీసినవి. కొన్నిటికి చేత్తో రంగులు వేసి, మెరుపు కోసం అక్కడక్కడా తుమ్మబంక పూసేవారు. వీటిలో నలుపు లోతుగా, గింజ స్పష్టంగా ఉంటుంది. ధరా ఎక్కువే.

టార్చ్‌ని కాగితం వెనక పెట్టి ఒకసారి చూడండి. ఎక్కడైనా పలచబడిందా, చిరుగుకి లోపలి నుంచి అతుకు వేశారా, వెనక అచ్చు కనబడకుండా ఇంకో కాగితం అంటించారా, అన్నీ బయటపడతాయి. ఆ ఆఖరిది కాస్త కనిపెట్టి చూడండి. పత్రిక ప్రతిని తెల్లకాగితం ప్రతిగా చూపించడానికి అదొక దారి.

"అయితే పత్రిక ప్రతి కొనకూడదా?" అని అడుగుతారు. నా మట్టుకు నాకు పత్రిక ప్రతే ఇష్టం. వెనకనున్న ప్రకటనలు చూస్తే ఆ బొమ్మని ఎవరి కోసం వేశారో తెలుస్తుంది. పైగా కొత్తగా మొదలుపెట్టేవారి జేబుకి అందేది అదే.

నోట్‌బుక్‌లో రాయండి:

- వెనక అచ్చు ఉందా, లేదా?
- బొమ్మ కొలత (అక్షరాలు వదిలేసి), పూర్తి కాగితం కొలత.
- మడతలు, గోధుమ రంగు మచ్చలు, చిరుగులు. ఏ మూల, ఎన్ని మిల్లీమీటర్లు?
- అంచులు కత్తిరించారా? కత్తిరించి ఉంటే తర్వాతి మెట్టు కష్టమవుతుంది.

## 3. అంచుల్లో అక్షరాలు చదవండి

కొనేవాళ్లు అసలు చూడని భాగం ఇదే. బొమ్మ గురించి కావలసిన సమాచారంలో సగం ఇక్కడే దొరుకుతుంది. మామూలుగా అమరిక ఇలా ఉంటుంది:

పైన మధ్యలో: వరస పేరు. దోమియే బొమ్మలు చాలామటుకు వరసలుగా వచ్చాయి. "లే బోఁ బూర్జువా" (మంచి బూర్జువాలు), "మొర్స్ కోంజుగాల్" (సంసార పద్ధతులు), "లే జాఁ ద జుస్తిస్" (కోర్టు జనం), "లొకతేర్ ఎ ప్రొప్రియెతేర్" (అద్దెవాళ్లు, ఇంటివాళ్లు), "లే బా-బ్లో" (వీటి సంగతి ఐదో మెట్టులో).

పైన కుడి మూల: వరసలో ఎన్నో బొమ్మో చెప్పే అంకె.

బొమ్మ కిందే, ఎడమా కుడీ, చీమల్లాంటి అక్షరాలు: ఒకవైపు ప్రచురించినవారి చిరునామా, ఇంకోవైపు అచ్చు వేసినవారి పేరు. ఏది ఏ వైపు అన్నది మారుతూ ఉంటుంది.

వాటి కింద: మాట, అంటే సంభాషణో వ్యాఖ్యో.

బొమ్మలోపలే ఒక మూల: "హెచ్.డి." అనే పొడి అక్షరాలు. ఇవి రాయి మీదే గీసినవి, అచ్చులో భాగం. పెన్సిల్‌తోనో పెన్నుతోనో చేసిన "దోమియే" సంతకం అంచులో కనబడిందంటే, ధర పెంచడానికి ఎవరో తర్వాత చేర్చారేమోనని అనుమానించండి. పత్రికకు వేసిన ప్రతుల మీద ఆయన కూర్చుని సంతకాలు చేసే పద్ధతి లేదు. బొమ్మలోనే అక్కడక్కడా కనబడే మూడు నాలుగంకెల సంఖ్యను చూసి సంవత్సరం అనుకోకండి, అది రాయి నంబరు.

పొరపాటు: మూల అంకెని "ఇన్ని ప్రతుల్లో ఇది ఏడోది" అని చదవడం. ఇప్పటి ఆర్ట్ ప్రింట్లకు అలా వేస్తారు. ఇక్కడ 7 అంటే వరసలో ఏడో బొమ్మ, అంతే.

## 4. సంవత్సరం తేల్చండి

పత్రిక తేదీ మొదటి పేజీ మీద ఉంటుంది. మనకు దొరికేది మూడు నాలుగు పేజీలున్న సగం కాగితం. అందుకే తేదీ కనబడదు. దారులు మూడు.

మొదటిది, ప్రచురించినవారి చిరునామా. ఓబేర్ దుకాణం "గాలరీ వెరో-దొదా" చిరునామాతో ఉంటే 1830ల బొమ్మ అనుకోవచ్చు. "బోజే, ర్యూ ద్యు క్రువాసాఁ 16" అని ఉంటే 1840కి అటూ ఇటూ. ఓబేర్ పేరుతోనే "ప్లాస్ ద ల బూర్స్ 29" అని ఉంటే 1840లు. "మేజోఁ మార్తినే" కనబడితే 1850ల్లోకి, ఆ తర్వాతికి వచ్చేసినట్టు. ఇవి ఉజ్జాయింపులే. కానీ అమ్మేవాళ్లు "1835" అని రాసిన బొమ్మ కింద మార్తినే పేరుంటే మీరు నవ్వుకోవచ్చు.

రెండోది, కేటలాగు నంబరు. లొయిస్ దెల్తేయ్ అనే ఆయన 1925–30 మధ్య దోమియే లితోగ్రాఫ్‌లన్నిటికీ నంబర్లు వేశాడు, మొత్తం 3,958. మ్యూజియంలూ వేలంశాలలూ ఇప్పటికీ ఆ నంబర్లే వాడతాయి. వరస పేరు, అందులో అంకె తెలిస్తే చాలు. బ్రాండైస్ సేకరణలోనో దోమియే రిజిస్టర్‌లోనో వెతకండి. దెల్తేయ్ నంబరు, పత్రికలో వచ్చిన తేదీ రెండూ దొరుకుతాయి.

మూడోది, సరిచూడటం. ఆ తేదీ పట్టుకుని గాలికాలో ఆ రోజు సంచిక తెరవండి. మూడో పేజీకి వెళ్లండి. మీ బొమ్మ అక్కడ ఉండాలి. పత్రిక ప్రతయితే వెనకనున్న ప్రకటనలు కూడా నాలుగో పేజీతో పోల్చండి. రెండూ సరిపోయిన క్షణంలో కలిగే ఆనందం వేరు. నా స్నేహితుడొకాయన దీనికోసమే బొమ్మలు కొంటాడని నా అనుమానం.

రాజకీయ తేదీలు నాలుగు గుర్తుంటే చాలు: 1830 జూలై (విప్లవం, దాంతో లూయీ ఫిలీప్ రాజయ్యాడు), 1835 సెప్టెంబర్ (బొమ్మలకు ముందస్తు సెన్సార్ వచ్చింది), 1848 ఫిబ్రవరి (రాజు గద్దె దిగాడు), 1851 డిసెంబర్ (లూయీ నెపోలియన్ కుట్రతో అధికారం గుంజుకున్నాడు, మళ్లీ కట్టడి). 1835 తర్వాత రాజుని గీసే వీల్లేదు. అందుకే వ్యంగ్యం ఇంటిగడప దాటి లోపలికి వచ్చింది. మామూలు సంసారుల మీద అన్ని బొమ్మలు రావడానికి ఇదొక గట్టి కారణం.

1872 తర్వాతి సంవత్సరం వేసిన దోమియే లితోగ్రాఫ్ ఎవరైనా చూపిస్తే మొదటి మెట్టుకి వెనక్కి వెళ్లండి. అప్పటికి ఆయన చూపు మందగించింది, ఆ పని మానేశాడు.

## 5. మాటని కప్పేసి బొమ్మని చూడండి

తెల్ల కాగితం ముక్క గుర్తుందా? దాన్ని కింది అక్షరాల మీద పెట్టేయండి. వాచీ చూసుకుని ఐదు నిమిషాలు బొమ్మ మాత్రమే చూడండి. ఐదు నిమిషాలు చాలా ఎక్కువనిపిస్తుంది. కూర్చోండి.

ఈ వరసలో చూడండి:

1. ఎవరు ఎంత చోటు తీసుకున్నారు? పొట్ట, గౌను, కుర్చీ, ఏది కాగితాన్ని ఆక్రమించింది?
2. చేతులు. దోమియే మొహాలకంటే చేతుల్లో ఎక్కువ చెప్తాడు. చేయి జేబులో ఉందా, పొట్ట మీదా, పక్కవాడి భుజం మీదా?
3. ఎవరు ఎవరిని చూడటం లేదు? ఇది చాలా ముఖ్యం.
4. వస్తువులు. గొడుగు, టోపీ, చీపురు, పత్రిక, కొవ్వొత్తి.
5. వెలుతురు ఎటు నుంచి? కిటికీ నుంచా, దీపం నుంచా? వెలుగు ఎవరి మీద పడిందో చూడండి.

వస్తువుల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మనకు తెలియని గుర్తులు అక్కడే ఉన్నాయి.

తలకి కుచ్చున్న నూలు టోపీ కనబడితే అది రాత్రి పడుకునేటప్పటిది. మనవాళ్లు లుంగీ బనీనులో గుమ్మంలోకొచ్చినట్టు. బయట ఎంత దర్జా ఉన్నా ఇంట్లో ఇంతే అని చెప్పడానికి వాడతాడు.

బానపొట్టమీద బిగుసుకుపోయిన సైనికుడి యూనిఫాం చూసి యుద్ధం అనుకోకండి. అది నేషనల్ గార్డ్. దుకాణదారులూ గుమాస్తాలూ వంతులవారీగా కాపలా కాయాలి, యూనిఫాం సొంత డబ్బుతో కుట్టించుకోవాలి. ఎగ్గొడితే జైలు. ఆ జైలుకి జనం పెట్టిన ముద్దుపేరు "చిక్కుడు గింజల హోటల్".

సామాన్లు నెత్తినెట్టుకుని మెట్లు దిగే కుటుంబం ఉంటే అద్దె గడువు రోజు. పారిస్‌లో అద్దె మూణ్ణెల్లకోసారి, జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో కట్టేవారు. ఆ రోజుల్లోనే ఇళ్లు మారడాలు, తగాదాలు. మెట్ల కింద చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషి పోర్తియే, అంటే కాపలాదారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కీ ఓనర్ మనిషికీ మధ్య రకం. ఎవరింటికి ఎవరొచ్చారో అంతా ఆయనకి తెలుసు.

ఇప్పుడు ఒక బొమ్మ మీద ఇదంతా చేసి చూద్దాం. "లే బా-బ్లో" వరసలో ఏడోది, 1844 నాటిది. సేకరణల సైట్లలో దొరుకుతుంది, తెరవండి. మాట కప్పేయండి.

ఒక స్త్రీ బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటోంది. వెనక్కి తిరిగి చూడదు. గదిలోనే స్నానపు తొట్టి. అందులో పసిబిడ్డ తలకిందులుగా పడి ఉంది, కాళ్లు పైకి తేలాయి. మూడో ప్రశ్న వేయండి: ఎవరు ఎవరిని చూడటం లేదు? బొమ్మంతా ఆ ప్రశ్నకి జవాబే. ఇంకా ఒక్క ఫ్రెంచ్ మాట కూడా చదవలేదు, సంగతి మాత్రం మొత్తం తెలిసిపోయింది.

## 6. ఇప్పుడు మాట తెరవండి

మాట ఆఖర్న ఎందుకంటే, చాలాసార్లు అది దోమియే రాసింది కాదు. ఆయన గీసిచ్చేవాడు, పత్రికలో వేరేవాళ్లు మాటలు రాసేవారు. 1836–38 మధ్య వచ్చిన రొబేర్ మకేర్ వరసకి (దొంగ కంపెనీలు పెట్టి వాటాలమ్మే మాయగాడి కథ. మన చిట్‌ఫండ్ బాధితులు చూస్తే గుండె చెరువవుతుంది) మాటలు సంపాదకుడు షార్ల్ ఫిలిపాన్‌వి. అంటే కాగితం మీద ఇద్దరు మనుషులున్నారు. మాటతో మొదలుపెడితే రెండోవాడి కళ్లతో మొదటివాడి బొమ్మని చూస్తాం.

అనువాదం చేసే పద్ధతి:

1. ఫోన్ కెమెరాతో నేరుగా అనువాదం చేయించకండి. కింది రాత తరచుగా చేతిరాతలా వంపులు తిరిగి ఉంటుంది, ఫోన్ తప్పులు చదువుతుంది. సేకరణ సైట్‌లో టైపు చేసిన వాక్యం దొరుకుతుంది, దాన్ని తీసుకోండి.
2. మాటకి మాట అర్థం రాసుకోండి. వాక్యం కుదరకపోయినా పర్లేదు.
3. ఎవరు ఎవరితో అంటున్నారో బొమ్మలో వేలుపెట్టి చూపించండి. ఫ్రెంచ్‌లో చిన్న అడ్డగీత వచ్చిందంటే మాట్లాడే మనిషి మారాడని.
4. నవ్వు ఏ పదంలో ఉందో పట్టుకోండి. ఒకే పదానికి రెండర్థాలున్నాయా?
5. ఆ తర్వాతే తెలుగు వాక్యం.

తొట్టి బొమ్మకి చేద్దాం. మాటకి మాట పెడితే ఇలా వస్తుంది: "తల్లి రచన నిప్పులో ఉంది, బిడ్డ స్నానపు తొట్టి నీళ్లలో ఉంది." ఫ్రెంచ్‌లో "రచన నిప్పు" అంటే రచనావేశం. నిప్పు ఒకవైపు, నీళ్లు ఇంకోవైపు, అదీ చమత్కారం. కానీ తెలుగులో "రచన నిప్పు" అంటే ఎవరికీ నవ్వు రాదు. నిప్పూ నీళ్లూ వదిలేసి మనకున్న పదం పట్టుకుంటే: "అమ్మ రాతలో మునిగింది, బిడ్డ తొట్టిలో మునిగింది." ఒకే క్రియ రెండుసార్లు. అక్కడి నవ్వు ఇక్కడికి వచ్చింది. మీ అనువాదంలో పదం పోయినా పర్లేదు, దెబ్బ పోకూడదు.

మెషిన్ అనువాదం తరచూ బోల్తా పడే పదాలు:

- బా-బ్లో: "నీలం మేజోళ్లు" అని వస్తుంది. అర్థం, రచనలు చేసే ఆడవాళ్లకి పెట్టిన ఎగతాళి పేరు.
- తెర్మ్: "పదం" అని వస్తుంది. ఇక్కడ అద్దె గడువు.
- రాంత్యే: "అద్దెదారు" అని వస్తుంది. అసలు అర్థం దాదాపు తిరగబడింది. పని చేయక్కర్లేకుండా వడ్డీ మీదో పెట్టుబడి రాబడి మీదో బతికేవాడు.

## 7. ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు?

ఈ ప్రశ్న వేసుకోకపోతే పైపైన చదివినట్టే. ల షారివారి కొనుక్కుని చదివేది కూడా మధ్యతరగతే. అంటే బొమ్మలోని బానపొట్టాయన, బొమ్మ చూసి నవ్వే చందాదారు, ఇద్దరూ ఒకే మెట్టు మీదవాళ్లు. పక్కింటాయన్ని చూసి నవ్వుతున్నాననుకుంటాడు, అద్దం ముందు నిలబడి ఉంటాడు. లాయర్ల బొమ్మల్లో ఇది బాగా తెలుస్తుంది. కోర్టులో గొంతు చించుకున్న లాయరు బయటికొచ్చి ఎదుటి లాయరుతో కులాసాగా కబుర్లాడుతుంటాడు. కక్షిదారుకి మాత్రం ఫీజు కట్టే బాధ మిగులుతుంది.

అలాగని అన్నిటినీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. తొట్టి బొమ్మ గీత అద్భుతం. కానీ అందులో దెబ్బ ఎవరికి? రాయాలనుకున్న స్త్రీకి. అదే ఇంట్లో నాన్న ఎక్కడున్నాడని బొమ్మ అడగదు. 1849లో వచ్చిన సోషలిస్టు స్త్రీల వరసలోనూ ఇదే ధోరణి. రాజుని గీసి 1832లో జైలుకెళ్లిన మనిషి ఈ విషయంలో తన కాలపు మగాళ్లతోనే నిలబడ్డాడు. నోట్‌బుక్‌లో దీనికో గీత కేటాయించండి: "దెబ్బ ఎవరికి? పైవాడికా, పక్కవాడికా, కిందివాడికా?" ఇరవై బొమ్మలకు రాశాక ఆ గీతలన్నీ వరసగా చదవండి.

## 8. దోమియే కాకపోతే ఏం మారుతుంది?

గవార్ని: మాటలు తనే రాసుకునేవాడు. కాబట్టి ఇక్కడ మాటకీ బొమ్మకీ సమాన బరువు. ఐదు, ఆరు మెట్లు కలిపేయండి. బట్టలు నిశితంగా గీస్తాడు, ఫ్యాషన్ పత్రికలకు పని చేసిన చేయి. నవ్వు మెల్లగా వస్తుంది.

షామ్: గీత వేగంగా, తేలిగ్గా ఉంటుంది. ఆ వారం వార్త తెలియకపోతే అర్థం కాదు. గాలికాలో అదే సంచిక మిగతా పేజీలు తిరగేయండి.

గ్రాన్‌విల్: మనుషుల ఒంటి మీద జంతువుల తలలు. ఏ జంతువుకి ఫ్రెంచ్‌లో ఏ పేరుందో చూడాలి.

## 9. కొనేముందు

అమ్మేవారిని ఈ ఐదూ అడగండి, రాతపూర్వకంగా:

- దెల్తేయ్ నంబరు ఎంత?
- పత్రిక ప్రతా, తెల్లకాగితం ప్రతా?
- వెనకవైపు ఫొటో, అంచులతో సహా పూర్తి ఫొటో పంపుతారా?
- రంగులుంటే, ఆ కాలంలో వేసినవా, తర్వాత వేసినవా?
- అసలుది కాదని తేలితే తిరిగి తీసుకుంటారా?

వెనకవైపు ఫొటో పంపడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకండి. "ఒరిజినల్ లితోగ్రాఫిక్ రీప్రొడక్షన్" లాంటి మాటలు కనబడితే ఆ మూడో పదమే నిజం. ఫ్రేమ్ విప్పనివ్వకపోతే ఫ్రేమ్ ధరే ఇవ్వండి.

బయటి దేశం నుంచి తెప్పిస్తుంటే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ ఎంత పడుతుందో కొరియర్‌వాళ్లను ముందే అడగండి. బొమ్మ ధర తక్కువని సంబరపడి, ఇంటికి చేరేసరికి రెట్టింపయిన సందర్భాలున్నాయి. చుట్టి గొట్టంలో పంపొద్దని, రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి పంపమని చెప్పండి.

## 10. ఇంట్లో దాచడం

మన వాతావరణంలో ఈ కాగితానికి శత్రువులు మూడు: తేమ, ఎండ, ఫ్రేమ్ షాపు. మూడోదే ఎక్కువ ప్రమాదం.

ఫ్రేమ్ కట్టే అబ్బాయికి ముందే చెప్పాల్సినవి, వీలైతే పక్కన నిలబడి:

- లామినేషన్ వద్దు. ఎంత బతిమాలినా వద్దు.
- అట్టకి జిగురుతో పూర్తిగా అతికించొద్దు. పైన రెండు చోట్ల మాత్రమే, సన్నటి జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీయాలి.
- సెల్లోటేప్ ఎక్కడా తగలకూడదు.
- వెనక అట్ట, ముందు మౌంటు (బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట) రెండూ ఆమ్లం లేనివి కావాలి.
- బొమ్మ అద్దానికి ఆనకూడదు. మౌంటు మందం ఆ ఖాళీని ఇస్తుంది.
- అంచులు "నీట్‌గా" కత్తిరించొద్దు. చిరునామా, అంకె అన్నీ అక్కడే ఉన్నాయి.

గోడ విషయం. బయట వాన తగిలే గోడకి వేలాడదీయకండి. వంటింటికీ బాత్రూమ్‌కీ ఆనుకున్న గోడ కూడా వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లు ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్క్ ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. ఎండ నేరుగా పడే చోట చేత్తో వేసిన రంగులు వెలిసిపోతాయి.

ఫ్రేమ్ వద్దనుకుంటే ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టి, పెట్టెలో చదునుగా పడుకోబెట్టండి. ఆరు నెలలకోసారి తెరిచి సిల్వర్‌ఫిష్ పురుగు తిరిగిందేమో చూడండి. కలరా ఉండలు కాగితానికి తగిలేలా వేయకండి.

గోధుమ రంగు మచ్చలు పోగొట్టాలని ఇంట్లో బ్లీచింగ్, నిమ్మరసం, ఎండబెట్టడం లాంటివి చేయొద్దు. చిరుగు ఉంటే చిరుగుగానే ఉంచి, కాగితాలు బాగుచేసే నిపుణులు దొరికినప్పుడు చూపించండి. మీ నోట్‌బుక్‌లో రాసుకున్న కొలతలు, దెల్తేయ్ నంబరు, తేదీ, మీ తెలుగు అనువాదం ఇంకో కాగితం మీద పెన్సిల్‌తో రాసి అదే పెట్టెలో పెట్టండి. బొమ్మ వెనక మాత్రం ఏమీ రాయకండి.